ఏడేళ్లుగా జావా రాస్తున్నాను, అయినా పునాది లేదనిపిస్తోంది

చెన్నై మేడవాక్కంలో ఉంటున్న ఒక పాఠకురాలు, తన పేరు ప్రచురించవద్దన్న కోరికతో, ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమె వయసు 31 ఏళ్లు, సొంత ఊరు ఒంగోలు దగ్గరి పల్లె. ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రికల్ చదివి, అమీర్‌పేటలో మూడు నెలలు జావా నేర్చుకుని, సిరుసేరి సిప్‌కాట్ ఐటీ పార్కులోని ఒక కంపెనీలో చేరి ఏడేళ్లయింది. భర్తది కూడా ఐటీ ఉద్యోగమే, వారికి నాలుగేళ్ల బాబు ఉన్నాడు. జీతం గురించి గానీ మేనేజరు గురించి గానీ ఆమెకు ఫిర్యాదు లేదు. లోపల తొలిచేస్తున్నది వేరే సంగతి.

ఆమె రెండు సంఘటనలు వివరంగా రాశారు. రెండేళ్ల క్రితం, రెండు కస్టమర్ నంబర్లు ఒకటేనా కాదా అని పోల్చే కోడ్ ఒకటి రాశారట. టెస్టింగ్‌కు పది పన్నెండు మంది కస్టమర్ల డేటా మాత్రమే ఉండేది, అంతా సవ్యంగా నడిచింది. లైవ్‌లోకి వెళ్లిన రోజే, కళ్ల ముందు ఒకే నంబరు కనిపిస్తున్నా ప్రోగ్రాం మాత్రం ‘కాదు’ అనడం మొదలుపెట్టింది. సీనియర్ వచ్చి, జంట సమాన గుర్తు (==) తీసేసి ‘ఈక్వల్స్’ పెట్టమన్నారు. పెట్టగానే సరిపోయింది. “ఎందుకు సరిపోయిందో ఇప్పటికీ తెలియదు, టెస్టింగ్‌లో ఎందుకు పట్టుబడలేదో అంతకన్నా తెలియదు” అని రాశారు. రెండోది, నాలుగు నెలల క్రితం పైథాన్ ప్రాజెక్టుకు మారిన తర్వాత జరిగింది. చెన్నై, నెల్లూరు, విజయవాడ శాఖలకు మూడు రిపోర్టులు తయారుచేసే మూడు ఫంక్షన్లను, అంటే పేరు పెట్టి పిలిస్తే పనిచేసే కోడ్ ముక్కలను, ఒక లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చుట్టులో) పుట్టించారు. మూడూ విజయవాడ రిపోర్టునే ఇచ్చాయి. రివ్యూలో 24 ఏళ్ల సహోద్యోగి ఒకరు, “క్లోజర్ వేరియబుల్‌ని పట్టుకుంటుందండీ, విలువని కాదు” అని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. గదిలో ఎనిమిది మంది తల ఊపారు, ఈమె కూడా ఊపారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కంపైలర్ల మీద, అంటే కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాంల మీద, పెద్ద పుస్తకం ఒకటి కొని, మూడో అధ్యాయంలో ఆగిపోయారు. స్నేహితురాలు ఎం.టెక్ చేయమంటున్నారు. ఒక శిక్షణ సంస్థ ఎనిమిది నెలల కోర్సుకు లక్షా ఎనభై వేలు కట్టమని వారం వారం ఫోన్ చేస్తోంది. భర్త మాత్రం, “కోడ్ ఏఐ రాసిపెడుతున్న రోజుల్లో పునాదులు తవ్వడం దేనికి, ఆ కొత్త టూల్ ఏదో నేర్చుకో చాలు” అంటున్నారట. ఆమె అడిగినవి మూడు: ఆలస్యమైపోయిందా, ఏ దారిన వెళ్లాలి, కంప్యూటర్ సైన్స్ చదవని తనకు ఇది తలకెక్కే విద్యేనా.

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకుండా మిగతా రెండూ తేలవు. సరిపోయిన కోడ్‌ని ఎవరైనా ఆ సాయంత్రానికి మరచిపోతారు. ఎందుకు సరిపోయిందన్న ప్రశ్నను మీరు రెండేళ్లుగా మోస్తున్నారు. పైగా ఆ రెండు తప్పులనూ, నేను కోడ్ చూడకుండానే కారణం చెప్పగలిగేంత స్పష్టంగా ఉత్తరంలో వర్ణించగలిగారు. ఒక సమస్యను ఇంత శుభ్రంగా చెప్పగలిగిన మనిషికి ఈ విద్య ఎక్కదని నేను అనుకోను. మీకు కొన్ని సంగతులు ఎవరూ చెప్పలేదు, అంతే. మూడు నెలల కోర్సులో ఉద్యోగానికి అవసరమైనది చెబుతారు, ఆ తర్వాత ప్రాజెక్టులో గడువుకు అవసరమైనది నేర్చుకుంటాం. ఈ రెండింటి మధ్య జారిపోయినది ఒకటుంది, దాని గురించే మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో పక్కమాటగా రాసిన వాక్యం ఒకటి నన్ను ఆపేసింది. చెన్నై వచ్చిన ఆరు నెలలకే కూరగాయల బండి దగ్గర తమిళం మాట్లాడగలిగారని, బడిలో ఆరేళ్లు చదివిన హిందీ మాత్రం ఇప్పటికీ నోరు తిరగదని రాశారు. మీకు పునాది అంటే ఏమిటో ఆ వాక్యంలోనే ఉంది. ‘నాకు నీళ్లు కావాలి’ అన్నదాన్ని తమిళంలో ‘ఎనక్కు తణ్ణి వేణుం’ అంటారు. మాటలు మారాయి గానీ ఎముకల గూడు మారలేదు: ‘కు’ ఉండాల్సిన చోటే ఉంది, క్రియ చివరనే ఉంది. ఆ గూడు మీ ఒంట్లో ముందే ఉంది కాబట్టి మాటలు మారిస్తే సరిపోయింది. హిందీలో క్రియ చివరనే ఉన్నా, కుర్చీకీ బల్లకీ కూడా ఆడ మగ తేడా ఉంటుంది, ఆ తేడాను బట్టి క్రియ మారిపోతుంది. అలాంటి ప్రశ్న తెలుగు మిమ్మల్ని ఎన్నడూ అడగలేదు, అందుకే అక్కడ తడబడ్డారు.

అయితే గూడు ఒకటేనన్న ధీమాలో ఒక ప్రమాదం ఉంది. నేను చెన్నై వచ్చిన మొదటి ఏడాది ఒక బ్యాంకులో దరఖాస్తు ఇచ్చినప్పుడు, కౌంటర్లోని పెద్దాయన ‘అవసరమా?’ అని అడిగారు. కావాలనే కదా వచ్చాను అనుకుని ‘అవసరమే’ అన్నాను. ఆయన వరుసలో ఉన్నవారందరినీ ఆపి నా పని ముందు చేసి పంపించారు. తమిళంలో ఆ మాటకు తొందర అని అర్థమని తర్వాత తెలిసి చాలా నొచ్చుకున్నాను. మాట అదే, పలుకుబడి అదే, అర్థం మాత్రం వేరు. ప్రోగ్రామింగ్ భాషల్లో జంట సమాన గుర్తు సరిగ్గా ఇలాంటి మాట. పైథాన్‌లో అది ‘రెండింటి విలువా సమానమేనా’ అని అడుగుతుంది. జావాలో వస్తువుల మధ్య పెడితే ‘రెండూ ఒకే వస్తువా’ అని అడుగుతుంది. జావాస్క్రిప్టులో అదే గుర్తు, అవసరమైతే ఒకదాని రకాన్ని మార్చి మరీ పోలుస్తుంది. మూడు భాషలూ విడివిడిగా నేర్చుకుంటే మూడు నియమాలు బట్టీ పట్టాలి. ‘ఒకేలా ఉండడం’, ‘ఒకటే కావడం’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలన్న సంగతి ఒక్కసారి మనసులో దిగితే, కొత్త భాషలో అడగాల్సింది ఒకటే: ఈ గుర్తు ఆ రెండింటిలో ఏ ప్రశ్న అడుగుతోంది?

మీ ఇంట్లో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉంటారు. ఒకే కొట్టులో కొన్న రెండు గిన్నెలు ఒకేలా ఉంటాయి గానీ ఒకటే కావు. ఒకదానికి సొట్ట పడితే రెండోది చెక్కుచెదరదు. అలాగే ఒకే గిన్నె మీద మొదట అమ్మ పేరు, తర్వాత కూతురి పేరు చెక్కించి ఉండవచ్చు. అప్పుడు ఏ పేరుతో పిలిచినా వచ్చేది ఆ ఒక్క గిన్నే, సొట్ట పడితే ఇద్దరి గిన్నెకూ పడినట్టే. జావాలో ‘ఇంట్’ అని ప్రకటిస్తే ఆ పేరు దగ్గర సంఖ్యే ఉంటుంది. ‘ఇంటిజర్’ అని ప్రకటిస్తే ఆ పేరు దగ్గర ఉండేది ఎక్కడో ఉన్న వస్తువు ఆచూకీ మాత్రమే. మీ కస్టమర్ నంబర్లు లిస్టుల్లోంచీ మ్యాపుల్లోంచీ వచ్చి ఉంటాయి, వాటిలో వస్తువులే ఉంటాయి కాబట్టి అవి ‘ఇంటిజర్’లు. జావా ఇక్కడ ఒక పొదుపు చేస్తుంది. -128 నుంచి 127 వరకు ఉన్న చిన్న సంఖ్యలకు వస్తువులను ముందే తయారుచేసి పెట్టుకుని, ఎవరికి కావలసి వచ్చినా దానినే ఇస్తుంది. ఆ హద్దు దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్త వస్తువు పుడుతుంది. మీ టెస్టింగ్ డేటాలో పన్నెండు మందే ఉన్నారు, వాళ్ల నంబర్లు 127 లోపే ఉండి ఉంటాయి. అందువల్ల రెండు పేర్లూ ఒకే గిన్నెను చూపి ‘అవును’ అన్నాయి. లైవ్‌లో నాలుగంకెల నంబర్లు వచ్చేసరికి ఒకేలా ఉన్న రెండు గిన్నెలయ్యాయి. ‘ఈక్వల్స్’ పెట్టినప్పుడు మీరు కోడ్‌ని బాగుచేయడం కన్నా ముందు ప్రశ్నను మార్చారు. టెస్టింగ్‌లో అది పట్టుబడకపోవడం మీ అజాగ్రత్త కాదు, చిన్న సంఖ్యల దగ్గర రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అయిపోవడం వల్ల జరిగింది. పైథాన్‌లో ‘ఈజ్’ అనే మాటతో సంఖ్యలను పోల్చినా ఇదే గొయ్యి ఉంది, హద్దులు మాత్రమే వేరు.

ఇక ఆ మూడు విజయవాడ రిపోర్టుల సంగతి. ఆ అబ్బాయి చెప్పిన మాట నిజమే, కానీ ముందే తెలిసినవారికి మాత్రమే అర్థమయ్యేంత పొట్టిగా చెప్పారు. ఒక ఫంక్షన్ తన బయట ఉన్న పేరును, అంటే వేరియబుల్‌ని, వాడుకుంటే, ఆ పేరును కూడా వెంట కట్టుకుని తిరుగుతుంది. అలా బయటి పేర్లను మూటగట్టుకున్న ఫంక్షన్‌నే క్లోజర్ అంటారు. మూటలో ఉన్నది ఆ రోజు విలువా, లేక పేరేనా అన్నది అసలు ప్రశ్న. పైథాన్‌లో మూటలో ఉండేది పేరు. మీ మూడు ఫంక్షన్లూ ‘శాఖ’ అనే ఒకే పేరును పట్టుకున్నాయి. లూప్ తిరిగి తిరిగి ఆ పేరును విజయవాడ దగ్గర వదిలింది. ఆ తర్వాత ఎప్పుడో ఫంక్షన్లను పిలిచినప్పుడు, అవి అప్పుడు వెళ్లి ఆ పేరు దగ్గర ఏముందో చూశాయి. ఫంక్షన్‌కు డిఫాల్ట్ విలువగా (పిలిచేటప్పుడు ఏమీ ఇవ్వకపోతే వాడుకునేదిగా) శాఖను ఇస్తే సమస్య పోతుందని మీకు ఎవరో చెప్పి ఉంటారు. అది ఎందుకు పనిచేస్తుందంటే, డిఫాల్ట్ విలువను పైథాన్ ఫంక్షన్ పుట్టినప్పుడే లెక్కగట్టి పెట్టుకుంటుంది, పిలిచినప్పుడు కాదు. డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇస్తే పాత పిలుపుల సామానంతా అందులో పేరుకుపోతుందన్న మరో ప్రసిద్ధమైన తప్పుకు కూడా ఇదే కారణం. రెండు చిక్కులు, ఒకే ముడి.

మీరు ఇదే సంగతిని జావాలో ఎన్నోసార్లు చూశారు, గుర్తుపట్టలేదు. లాంబ్డాలో, అంటే పేరు లేకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్‌లో, వాడే లోకల్ వేరియబుల్ ‘ఫైనల్ లేదా ఎఫెక్టివ్‌లీ ఫైనల్’ (ఒకసారి విలువ ఇచ్చాక మళ్లీ మారనిది) అయి ఉండాలని కంపైలర్ ఎర్రగీత పెట్టినప్పుడు, విసుక్కుంటూ కొత్త వేరియబుల్‌లోకి కాపీ చేసి ముందుకు వెళ్లి ఉంటారు. జావా విలువను కాపీ చేసి మూటగడుతుంది. తర్వాత అసలు మారిపోతే కాపీకీ అసలుకూ పొంతన ఉండదు కాబట్టి, మారే వేరియబుల్‌ని పట్టుకోనివ్వదు. జావాస్క్రిప్టు 2015లో ‘లెట్’ అనే మాట తెచ్చి లూపు ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇచ్చింది. ఇంకో మాట కూడా మీకు తెలియాలి. సీ షార్ప్ రూపకర్తలు 2012లో, గో రూపకర్తలు 2024లో తమ లూపుల్లో ఈ ప్రవర్తననే మార్చుకున్నారు, ఎందుకంటే అనుభవజ్ఞులు కూడా మీలాగే ఇక్కడ పడుతూ వచ్చారు. భాషను కట్టినవారే దిద్దుకోవలసి వచ్చిన చోట మీరు తప్పటడుగు వేశారని రాత్రంతా మేలుకోవలసిన పని లేదు.

మీరు ‘పునాది’ అంటున్నది ఈ రకమైన ప్రశ్నలనే. పేరు దేన్ని చూపుతోంది, దాని అర్థం కోసం ఎక్కడ వెతకాలి, లెక్క ఇప్పుడు జరుగుతుందా పిలిచినప్పుడు జరుగుతుందా, తప్పును కంపైలర్ పడుతుందా నడిచేటప్పుడు బయటపడుతుందా, పని తీరిన వస్తువుల చోటును ఎవరు ఖాళీ చేస్తారు. ఇలాంటివి పదో పన్నెండో ఉంటాయి. భాషలు వందల్లో ఉన్నా అవి ఎంచుకునే జవాబులు ఈ కొద్ది ప్రశ్నలకే, ఆ జవాబులు కూడా చాలావరకు పాతవే. మీ జావాలోని క్లాస్ అనే భావం 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ తయారుచేసిన సిమ్యులా భాషలో పుట్టింది. చెత్త ఏరివేసే గార్బేజ్ కలెక్షన్‌ను జాన్ మెకార్తీ 1950ల చివర్లో లిస్ప్ భాష కోసం కనిపెట్టారు. 2014లో జావా 8తో వచ్చిన లాంబ్డా పేరు, అలాంజో చర్చ్ 1930లలో రాసిన గణితం నుంచి వచ్చింది. ఆలస్యమైపోయిందా అని అడిగారు కదా, ఆ లాంబ్డా మీ ఆఫీసుకు చేరడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఈ భావాలకు తొందర లేదు, అవి రెండేళ్లకోసారి పాతబడి పోవు.

మీ ఉత్తరంలోని ఒక వాక్యాన్ని మాత్రం సరిదిద్దాలి. “పైథాన్‌లో టైపులు ఉండవు కాబట్టి” అని రాశారు. టైపులంటే విలువల రకాలు, అవి ఉంటాయి. 5కు ‘5’ అనే అక్షరాన్ని కలపమంటే పైథాన్ ఖరాఖండిగా తప్పు అంటుంది, జావాస్క్రిప్టు మాత్రం ‘55’ అని ఇస్తుంది. ఎప్పుడు తనిఖీ చేస్తారన్నది ఒక సంగతి, ఎంత గట్టిగా పట్టుబడతారన్నది ఇంకొకటి. పైథాన్ ఆలస్యంగా తనిఖీ చేస్తుంది గానీ గట్టిగానే చేస్తుంది.

ఇక దారుల గురించి. ఎం.టెక్ మంచి చదువే. కానీ మీకు దాని నుంచి ఏం కావాలో ముందు తేల్చుకోండి. బోధనలోకి వెళ్లాలన్నా, పరిశోధన చేయాలన్నా, ఎలక్ట్రికల్ డిగ్రీ వల్ల మీ ముందు తలుపులు మూసుకుపోతున్నాయన్నా, ఆ పట్టాకు విలువ ఉంది. రెగ్యులర్‌గా చేయాలంటే గేట్ పరీక్షకు సిద్ధం కావడం, ఆపైన రెండేళ్లు జీతం వదులుకోవడం, లేదా ఉద్యోగం చేస్తూనే చదివే పద్ధతిలో వారాంతాలన్నీ ఇచ్చేయడం తప్పదు. అంతా చేశాక, మీ మనసుకు పట్టిన ఈ విషయం అందులో ఒకటి రెండు పేపర్లుగా మాత్రమే కనిపిస్తుంది. మిగతా కాలం నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి ఇతర విషయాలకు పోతుంది. అవీ పనికొచ్చేవే, కానీ మీరు అడిగినవి కావు. బాబు బడిలో కుదురుకునే ఈ రెండేళ్లలో ఆ బరువు ఎత్తుకోవాలా అన్నది మీ ఇంటి నిర్ణయం. నా దృష్టిలో అర్థం చేసుకోవడం కోసమే అయితే అది చుట్టుదారి.

లక్షా ఎనభై వేల కోర్సు విషయంలో, డబ్బు కట్టే ముందు సిలబస్ తెప్పించుకుని చూడండి. వారాల పేర్లు టూల్స్ పేర్లుగా ఉంటే, మీకు ఇప్పటికే ఉన్నదాన్ని ఇంకొంచెం ఎక్కువగా ఇస్తారు. ఫోన్ చేసే వ్యక్తిని స్కోప్ (ఒక పేరు ఎంతవరకు చెల్లుతుందన్నది), క్లోజర్, టైప్ సిస్టమ్ గురించి ఎన్ని గంటలు చెబుతారో రాతపూర్వకంగా అడగండి.

డబ్బు కట్టకుండా దొరికే దారి ఒకటి మీరు రోజూ దిగే చోటే ఉంది. సిరుసేరి సిప్‌కాట్‌లోనే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడి అధ్యాపకులు హాస్కెల్ భాషలో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌పై ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పాఠాలు చెప్పారు. చూడడానికి రుసుము లేదు. హాస్కెల్ మీ ఉద్యోగంలో వాడరు, నిజమే. కానీ అది మీకు హిందీలాంటిది: ఒకసారి పెట్టిన విలువ మారదంటుంది, అవసరం పడేదాకా లెక్క చేయదు. జావా మిమ్మల్ని ఎన్నడూ అడగని ప్రశ్నలు అది అడుగుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ గ్రాస్‌మన్ చెప్పిన ప్రోగ్రామింగ్ భాషల కోర్సు కూడా ఆన్‌లైన్‌లో ఉంది. స్టాండర్డ్ ఎంఎల్, రాకెట్, రూబీ అనే మూడు భాషలను తీసుకుని, ఒకే భావాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తారు. మీ పరిస్థితికి నేను చూసినవాటిలో ఇది బాగా సరిపోతుంది. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, గడువులు పెట్టి వెంటపడేవారు ఉండరు, మూడో వారంలో ఆఫీసు రిలీజ్ ఒకటి వస్తే ఆగిపోతుంది. ఆగిపోతే మీరు మళ్లీ ‘నాకు రాదు’ అనుకుంటారేమోనన్నది నా భయం. తోడు చదివేవారు ఒక్కరైనా ఉంటేనే దీన్ని మొదలుపెట్టండి.

ఇంకో దారి ఉంది, నా మనసు దాని వైపే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువగా చెబుతాను. ఆ కంపైలర్ పుస్తకంలో మీరు మూడో అధ్యాయంలో ఆగిపోవడానికి కారణం ఉంది. అలాంటి పుస్తకాలు చాలావరకు అక్షరాలను మాటలుగా, మాటలను వాక్యాలుగా విడదీయడంతో మొదలవుతాయి. అది కంపైలర్ కట్టేవారికి తప్పనిసరి. మీకు కావలసింది వాక్యం ‘అర్థం’ ఎలా తేలుతుందన్నది, అది వందల పేజీల తర్వాత గానీ రాదు. పుస్తకాన్ని పక్కన పెట్టి, మీకు బాగా వచ్చిన జావాలోనే ఒక చిట్టి భాషకు ఇంటర్‌ప్రెటర్, అంటే ఆ భాషలో రాసినదాన్ని చదివి నడిపించే ప్రోగ్రాం, రాయండి. విడదీసే పనే పెట్టుకోవద్దు, వాక్యాలను నేరుగా వస్తువులుగా కట్టండి: సంఖ్య ఒక రికార్డు, కూడిక ఒక రికార్డు, పేరు ఒకటి, ఫంక్షన్ ఒకటి, పిలుపు ఒకటి. మీ దగ్గర జావా 17 గానీ ఆపైది గానీ ఉంటే రికార్డులు, సీల్డ్ ఇంటర్‌ఫేస్‌లు ఈ పనికి చక్కగా అమరుతాయి. పేర్లకు విలువలు దాచుకోవడానికి ఒక హ్యాష్‌మ్యాప్, దానిలో దొరకకపోతే ఎక్కడ వెతకాలో చెప్పే తల్లి మ్యాప్ ఆచూకీ ఒకటి. మొత్తం రెండు మూడు వందల వరుసలు దాటదు.

అది నడిచాక ఈ చిన్న ప్రోగ్రాం ఇవ్వండి. బయట ‘అదనం’ విలువ 10. ‘కూడు’ అనే ఫంక్షన్ తనకు ఇచ్చిన సంఖ్యకు అదనాన్ని కలిపి ఇస్తుంది. ‘పని’ అనే మరో ఫంక్షన్ లోపల ‘అదనం’ అనే పేరుతోనే ఇంకో వేరియబుల్ పెట్టి, దానికి 20 ఇచ్చి, ఆ లోపలి నుంచి కూడును 1తో పిలుస్తుంది. జవాబు 11 రావాలా, 21 రావాలా? మీ ఇంటర్‌ప్రెటర్‌లో ఇది ఒకే వరుస మీద ఆధారపడి ఉంటుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడు పుట్టే కొత్త మ్యాప్‌కు తల్లిగా ఫంక్షన్ రాసిన చోటి మ్యాప్‌ను పెట్టారా, పిలిచిన చోటి మ్యాప్‌ను పెట్టారా? మొదటిదైతే 11, రెండోదైతే 21. తొలినాటి లిస్ప్ రెండో పద్ధతిన నడిచింది, 1975లో వచ్చిన స్కీమ్ భాష మొదటి పద్ధతిని ఎంచుకుంది, జావా, పైథాన్ కూడా ఆ పద్ధతిలోనే ఉన్నాయి. క్లోజర్ గురించి ఎన్ని పేజీలు చదివినా రాని స్పష్టత, ఆ ఒక్క వరుసను అటూ ఇటూ మార్చి నడిపి చూస్తే వస్తుంది. దీనికి సర్టిఫికెట్ రాదు, అప్రైజల్‌లో చూపించుకోవడానికి ఏమీ ఉండదు, ఆ లోటు ఒప్పుకునే దీన్ని చేపట్టాలి.

ఏమీ చేయకుండా ఉండడం కూడా ఒక దారే, దాన్ని తక్కువ చేసి చెప్పను. మీ ఉద్యోగానికి ఇప్పటికిప్పుడు ముప్పు లేదు, బాబు చిన్నవాడు. ఒక ఏడాది ఆగినా ఈ విద్య ఎక్కడికీ పోదు. కానీ మీవారు చెప్పిన కారణంతో మాత్రం ఆగకండి. ఏఐ కోడ్ రాస్తోంది, నిజమే. ఆ మూడు విజయవాడ రిపోర్టుల కోడ్‌ని అది కూడా రాయగలదు, అది చూడడానికి శుభ్రంగానే ఉంటుంది. ఇతరులు రాసిన కోడ్‌ని చదివి, నడపకముందే ఇక్కడ తేడా వస్తుందని చెప్పగలగడం ఇప్పుడు మన పనిలో పెద్ద భాగం అయింది. ఆ మాట ఆయనతో వాదనగా కాకుండా, ఈ ఉత్తరంలో నాకు రాసినంత వివరంగా ఆయనకు చెప్పి చూడండి. ఆయనకు మీరు కొత్త టూల్ నేర్చుకోవడానికి బద్ధకిస్తున్నట్టు కనిపిస్తూ ఉండవచ్చు, ఆ నిద్ర పట్టని రాత్రి సంగతి ఆయనకు తెలియదని మీరే రాశారు. ఆ తర్వాత ఆయన్ని అడగాల్సింది సలహా కాదు, సమయం. శనివారం పొద్దున రెండు గంటలు బాబును కోవళం బీచికో పార్కుకో తీసుకెళ్లమని అడగండి. బాబు నిద్రపోయాక రాత్రి పదింటికి మొదలుపెట్టే చదువును నేను సిఫారసు చేయను. పగలంతా పని చేసిన తలకు ఆ వేళ ఏదీ ఎక్కదు, ఎక్కకపోతే ఆ తప్పును మీరు మీ ఎలక్ట్రికల్ డిగ్రీ మీద వేస్తారు.

మిగతా రోజుల్లో ఆఫీసు బస్సు ఉంది. మెట్రో పనుల పుణ్యమా అని ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఎంతసేపు కూర్చోవలసి వస్తుందో మీరే రాశారు. ల్యాప్‌టాప్ తీయవద్దు. ఒక చిన్న నోటుబుక్కులో ఆఫీసు కోడ్‌లో కనిపించిన ఐదారు వరుసలు రాసుకుని, ఇవి నడిస్తే ఏం వస్తుందో మీ ఊహ పక్కన రాయండి. ఆఫీసులో నడిపి చూసి, వచ్చింది రాయండి. రెండూ ఒకటైతే పేజీ తిప్పేయండి. తేడా వచ్చిన రోజున మాత్రం ‘ఎందుకు’ అని మూడో గడి గీసి, అది నిండేదాకా ఆ పేజీ దగ్గరే ఉండండి. నేను 22 ఏళ్ల కిందట సీ భాషలో పాయింటర్లు (విలువ ఉన్న చోటు ఆచూకీలు) అర్థంకాక, గళ్లూ బాణాలూ గీసుకుంటూ ఇలాగే నేర్చుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ 24 ఏళ్ల సహోద్యోగి గురించి కూడా ఒక మాట. ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆయన తనకు తెలిసింది చెప్పారు. గదిలో తల ఊపిన ఎనిమిది మందిలో ఎందరికి అర్థమైందో మనకు తెలియదు, మీ తల కూడా ఊగింది కదా. వారం తర్వాత టీ దగ్గర, “మొన్న మీరు చెప్పిన సంగతిని జావాతో పోల్చి చూశాను, జావా విలువని కాపీ చేస్తుంది, అందుకే ఎఫెక్టివ్‌లీ ఫైనల్ అంటుంది, నేను అనుకున్నది సరేనా?” అని అడగండి. ఏమీ తెలియదని ఒప్పుకోవడం కష్టంగా ఉంటుంది, సగం తెలుసుకుని మిగతా సగం అడగడం అంత కష్టం కాదు. ఆయనకు జావా రాకపోతే మీ నుంచి ఆయన కూడా నేర్చుకుంటారు. తోడు చదివేవారు కావాలన్నాను, బహుశా ఆ మనిషి ఆయనే కావచ్చు. ఆయన తీరు మీకు నచ్చకపోతే ఆ పనికి ఇంకెవరినైనా చూసుకోండి, కానీ ఆ ప్రశ్న మాత్రం అడగకుండా వదలకండి.

ఇంటర్‌ప్రెటర్ దారి పడితే, ‘అదనం’ ప్రోగ్రాం మీకు మొదటిసారి ఎంత ఇచ్చిందో నాకు రాయండి. 21 వస్తుందని నా అంచనా. పిలిచిన చోటి మ్యాప్ చేతిలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి మొదటిసారి రాసేవారు తరచుగా దాన్నే తల్లిగా పెట్టేస్తారు. అలా వస్తే వెంటనే దిద్దేయకండి. ముందు ఆ రోజు నోటుబుక్కులో మూడో గడి నింపి, తర్వాత ఆ వరుస మార్చండి.